సగం ధర గ్రైండర్

కనకరత్నం సగం ధరకు బుక్ చేసిన గ్రైండర్ ఆర్డర్‌ను, ధర మరీ చవకైపోయిందని కంపెనీ రద్దు చేసింది. కంపెనీయే అలా రద్దు చేస్తే, డబ్బు వాపసు కావాలో, అదే ధరకు గ్రైండర్ కావాలో కొనుగోలుదారు తేల్చేదాకా కంపెనీ యంత్రం రోజూ ఫోన్ చేసి అడగాలన్నది చట్టం. అనకాపల్లిలో ఒంటరిగా ఉండే కనకరత్నం ఏదీ తేల్చడం లేదు. ఆమెకు వచ్చే ఫోన్ అదొక్కటే.

"ఏం తేల్చారండీ?"

"కంగారేటి నాయినా? ఇయ్యాల ఆనపకాయ పులుసెట్టాను. ఉప్పెక్కువైపోనాది."

"కొంచెం బెల్లం వేయండి. శుభవార్తండీ, కంపెనీ దిగొచ్చి రద్దును వెనక్కి తీసుకుంది. సగం ధరకే రేపు గ్రైండర్ పంపిస్తోంది. ఇక మీకు ఫోన్లు రావు."

కనకరత్నం కుర్చీలో కూర్చుంది.

"ఒక్కదాన్ని, నాకు గ్రైండరెందుకు? నేనే రద్దు సేసేస్తే?"

"మీరు రద్దు చేస్తే మేం ఫోన్ చేయక్కర్లేదండీ."

"అయితే మీరు రద్దు సేసేసేంత సవగ్గా ఇంకేటున్నాయో సూడు నాయినా."