రెండో డ్రమ్ము కింద మనిషి

రిఫైనరీ సైరన్ ఇంకా మోగుతూనే ఉంది.

రెండో డ్రమ్ము అడుగు నుంచి ఆవిరి, దానితో పాటు సలసల కాగే నల్లటి నీళ్లు దూకుతున్నాయి. అడుగు మూత తెరిచే మీట దగ్గర నిలబడ్డ మనిషిని నలుగురు కలిసి బయటికి లాగారు. చొక్కాతో పాటే చర్మం ఊడివచ్చింది. ముఖమంతా కోక్ పొడి ముద్దగా అంటుకుంది. దుప్పటి కప్పి అంబులెన్సులో ఎక్కించారు. సూయెజ్ రోడ్డెక్కక ముందే ప్రాణం పోయింది.

షిఫ్టు పెద్ద, అందరూ రయ్యిస్ అని పిలిచే వగీహ్ కంట్రోల్ రూము అద్దంలోంచి ఇదంతా చూశాడు. కిందికి దిగలేదు.

ముడిచమురులోంచి పెట్రోలూ డీజిలూ తీసేశాక మిగిలే తారును ఆ డ్రమ్ములో ఉడికిస్తే, బొగ్గులాంటి కోక్‌గా గడ్డకడుతుంది. తెరిచే ముందు గంటల తరబడి నీళ్లు పోసి చల్లార్చాలి. ఈ కోక్‌ను సిమెంటు బట్టీలకు మోసుకెళ్లే ఓడ రేవులో కాచుకుని ఉంది. ఉపవాసం విడిచే వేళయిందని చాటే ఇఫ్తార్ ఫిరంగి పేలేలోపు పని తెమిలిపోవాలనుకున్నాడు వగీహ్. నీళ్లు కట్టేయించాడు. అడుగు మూత తెరవమని మైకులో చెప్పాడు. ఆ హోరులో కింది మాట పైకి వినపడదు. సరేనన్నట్టు ఎవరో పైపు మీద స్పానరుతో రెండు దెబ్బలు కొట్టారు.

గడ్డ నడుమ ఇంకా నిప్పే ఉంది.

ఇప్పుడు పోలీసులు వస్తున్నారు. వగీహ్ తన మనుషుల్ని లోపలికి పిలిచి తలుపు మూశాడు.

"తెరవమని ఎవరూ చెప్పలేదు. తొందరగా ఇంటికెళ్లి ఉపవాసం విడవాలని వాడే తెరిచాడు. అందరూ ఇదే మాట."

"రయ్యిస్, ఆ కింద ఉన్నది..." అని మొదలుపెట్టాడు ముసలి మర్జూక్.

"ఎవడైతేనేం హాజీ? ఈ పూట మీట దగ్గర డ్యూటీ షహాతది, నాకు తెలీదా? పోయినవాడికి జైలుండదు, జీతంలో కోతుండదు."

తనకూ ఒక్కగానొక్క కొడుకున్నాడని గుర్తుచేశాడు. మొన్ననే కాళ్లూ గడ్డాలూ పట్టుకుని ఈ యూనిట్లోనే చేర్పించాడు. తను జైలుకెళితే వాడి ఉద్యోగమూ ఊడుతుంది. రాత్రి షిఫ్టుకి వాడు వచ్చేసరికి అంతా సర్దుకుపోవాలన్నాడు.

మర్జూక్ నేల చూపులు చూశాడు.

"మరి వాళ్లమ్మకు ఏం చెప్దాం, రయ్యిస్?"

"ఏం చెప్తాం? నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. లేకపోతే మీ పెళ్లాలు ఏడవాలా? ఎవడైనా నోరు జారితే రేపటి నుంచి వాడికి గేటు తెరుచుకోదు."

మర్జూక్ తల ఎత్తి అతని ముఖంలోకి చూశాడు. కింద మనిషిని లాగిన మర్జూక్ చేతుల మీద ఇంకా నల్లటి ముద్దలున్నాయి.

"మంచిది. మీరు చెప్పమన్నట్టే చెప్తాం."

ఒక్కొక్కరి చేతా ఆ మాట పలికించి చూసుకున్నాడు వగీహ్.

పోలీసు అధికారి వచ్చేసరికి ఊళ్లో ఫిరంగి పేలింది. బల్ల మీది ఖర్జూరాలను ఎవరూ ముట్టుకోలేదు. వగీహ్ కళ్లు తుడుచుకుని, షహాత మంచివాడే కానీ ఆత్రం ఎక్కువని చెప్పాడు. అధికారి మర్జూక్ వైపు తిరిగాడు.

మర్జూక్ నిదానంగా చెప్పాడు. తెరవమని ఎవరూ చెప్పలేదు. ఉపవాసం విడవాలన్న తొందరలో అతనే తెరిచాడు. తప్పంతా చచ్చినవాడిదే.

వగీహ్ ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే ఒక్క మాట సార్. రంజాన్‌లో మేం షిఫ్టులు మాలో మేమే మార్చుకుంటాం, పైవాళ్లకి చెప్పం. ఈ పూట షహాత అత్తారింటికి ఇఫ్తార్‌కి వెళ్లాడు. రాత్రి షిఫ్టు కుర్రాడు వాడి బదులు వచ్చి నిలబడ్డాడు."

వగీహ్ తల ఒక్కసారిగా పైకి లేచింది.

అధికారి పెన్ను తీశాడు. "తప్పు చేసినవాడి పేరు?"

"హాజిమ్ సార్, ఈ రయ్యిస్ గారి అబ్బాయి."