రాణి మాట

అక్కా, అక్షరదోషాలూ నా కోడిగీతలూ మన్నించు.

మీ మరిది పాత వీడియో గేమ్ డిస్కులను కంప్యూటర్లోకి ఎక్కించి, అందులోని మాటలను తెలుగులోకి మారుస్తారు. టైపు చేసేది నేనే. కొత్త మాట పాతదానికన్నా ఒక్క అక్షరం పెరిగినా ఆట ఆగిపోతుందట.

ఒక మాట మాత్రం నా సొంతంగా రాశాను. ఆయన కోపం నీకు తెలుసుగా. ఇవాళ ఆయన ఆడి చూస్తుంటే తలుపు పట్టుకుని నిలబడ్డాను.

తెర మీద రాణి రాజుతో అంది: "నన్ను కొట్టకు."

ఆయన వెనక్కి తిరిగారు. "నువ్వే రాశావా?"

తలూపాను.

"మొగుణ్ణి పట్టుకుని 'కొట్టకు' ఏంటే?"

"'కొట్టకండి' అంటే చోటు చాల్లేదండీ."

మళ్ళీ తెరవైపు తిరిగారు. ఆ మాట చెరపకుండానే సేవ్ చేశారు.

ఉత్తరం చదివి కాల్చెయ్యి. ఆయన పరువు పోకూడదు.