సవేరియా గిన్నె

గురువారం పొద్దున ఆరున్నరకు సవేరియా చనిపోయింది.

కాఫీ పొయ్యి మీద పెట్టి, కప్పు కోసం చెయ్యెత్తి, అలాగే కూలిపోయింది. భర్త బ్రూనో లేచి వచ్చేసరికి కాఫీ మాడిపోయింది.

ఆమె గిన్నె పై అంతస్తులో, నజరేనా వంటింట్లో ఉంది. నీలం గిన్నె. మూత అంచున పెచ్చు ఊడింది. కడిగి బోర్లించి ఉంది.

కలాబ్రియాలో, మా వీధిలో, చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్లే వంతులు వేసుకుని వండి తెస్తారు.

నిరుడు నజరేనా భర్త కోసిమో పోయినప్పుడూ తెచ్చారు. మూడు రోజులయ్యాక మానేశారు.

సవేరియా మానలేదు.

“మూడు రోజులు దాటిపోయాయి కదా వదినా,” అంది నజరేనా.

“నాకు లెక్కలు రావు. తిను.”

నజరేనా ఇంట్లో మాత్రం పొయ్యి మళ్లీ వెలగలేదు. బాణలిని అట్టడుగు అరలోకి తోసేసింది. సవేరియా తేని రోజుల్లో బ్రెడ్డు ముక్క, డబ్బాలో చేప, నిలబడే తినేది.

“ఎవరికి వండను?” అనేది.

మా వీధిలో ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. నజరేనా మొదటిసారి నిమ్మకాయలు వేసి ఇచ్చింది.

“నా పెరట్లో కాయలు కోసి నాకే ఇస్తావా?” అంది సవేరియా. “నీ చేతి వంకాయ ఉండలు వేసివ్వు. వాటి గురించి నేను చెప్పీ చెప్పీ మా ఆయన చెవులు చిల్లులు పడ్డాయి.”

ఆ తర్వాత నజరేనా గిన్నె ఖాళీగానే ఇస్తూ వచ్చింది. సవేరియా ప్రతిసారీ మూత తీసి, లోపలికి తొంగి చూసి, పెద్దగా నిట్టూర్చేది.

మొన్న మంగళవారం కూడా చారు తెచ్చింది.

“ఈసారైనా ఖాళీగా పంపకు.”

“వచ్చే వారం చూస్తాలే వదినా.”

“నీ వచ్చే వారాలతోనే నా కడుపు నిండిపోయింది!”

నవ్వుకుంటూ, కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది.

గురువారం పదింటికి ఎదురింటి తీనా ఆ మెట్ల మీదే నిలబడి వంతులు చెప్పింది. ఇవాళ ఎవరు, రేపు ఎవరు, ఎల్లుండి ఎవరు.

“నేను?” అంది నజరేనా.

“నీ పేరు వెయ్యలేదు వదినా. నువ్వు వండటం మానేశావు కదా.”

నజరేనా బజారుకు వెళ్లి వంకాయలు తెచ్చింది.

గ్యాసు మీట బిగుసుకుపోయింది. గుడ్డ చుట్టి తిప్పింది. మూడో అగ్గిపుల్లకు మంట వచ్చింది.

వంకాయలు ఉడికించి పిండింది. నిన్నటి బ్రెడ్డు నానబెట్టింది. గొర్రెపాల చీజు తురిమింది. వెల్లుల్లి, పుదీనా వేసి కలిపింది. బాణలి కడిగి నూనె పోసింది.

మొదటి ఉండ తిని చూసింది. ఉప్పు చాలలేదు. వేసింది.

రెండోది సరిగ్గా వచ్చింది. మూడోది తింది. నాలుగోది తింటుంటే తెలిసింది, తనకు ఆకలిగా ఉందని.

చెక్క గరిటెతో బాణలి అంచు మీద కొడుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. కోసిమో ఉన్నప్పుడు వేయించేటప్పుడు తీసేది.

కింది ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు పెద్దదైంది.

నజరేనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నూనెలో ఉండలు నల్లబడుతున్నాయి. రెండో చేత్తో తిప్పింది.

సాయంత్రం గిన్నె పట్టుకుని దిగుతుంటే తీనాకు వాసన తగిలింది.

“వేపుడా? చావింటికి? అక్కడికి చారు తీసుకెళ్తారు వదినా. ఇదేమన్నా పెళ్లా?”

“సవేరియా అడిగింది.”

“ఎప్పుడు?”

“ఏడాదైంది.”

తీనా పక్కకు తప్పుకుంది.

బ్రూనో శవపేటిక పక్కన కుర్చీలో ఉన్నాడు. నజరేనా గిన్నె అతని ఒళ్లో పెట్టింది. అతను మూత తీసి చూశాడు.

“ఇవేనా?”

“ఇవే అన్నయ్యా.”

ఒకటి తిన్నాడు. ఇంకొకటి తీసి అరచేతిలో పెట్టుకుని భార్య వైపు తిరిగాడు.

“వచ్చాయే,” అన్నాడు.

శుక్రవారం మట్టి చేశారు.

సోమవారం బ్రూనో పైకి వచ్చాడు. చేతిలో నీలం గిన్నె ఉంది. అది తమ ఇంటిదేనని అతనికి తెలిసినట్టు లేదు.

“కడిగాను చెల్లెమ్మా. లోపల ఏం వేసివ్వాలో తెలీలేదు. ఇలాంటివన్నీ తనే చూసుకునేది.”

“దానికేముంది అన్నయ్యా.”

“మూడు రోజులూ అయిపోయాయిగా. ఇక మీరెవరూ శ్రమపడకండి.”

నజరేనా గిన్నె అందుకుంది. మూత తీసి లోపలికి చూసింది.

అతను కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు.

ఆ సాయంత్రం ఆమె ఆ గిన్నెలోనే ఇద్దరికి సరిపడా శనగలు నానబోసింది.