మళ్లీ కాచు

గిద్దలూరులో డాక్టరు ఎలీషబా గాజుగొట్టంలోని మూత్రాన్ని స్పిరిటు దీపం మీద కాచింది. విరిగితే జబ్బున్నట్టు. పోయిన నెల పాలలా విరిగింది. ఇవాళ తేటగానే ఉంది.

"మూత్రపిండాలు బాగుపడినాయి ఏసమ్మా. వాపు కూడా తీసింది."

ఏసమ్మ మండిపడింది. "నువ్వు సరిగ్గా కాచలేదు. మళ్లీ కాచు!"

"నాకే పని నేర్పుతావా?" ఎలీషబా కసిరింది.

ఏసమ్మ మొగుడు గుమ్మంలోంచి తొంగిచూశాడు. చేతిలో ఆమె కొడవలి ఉంది.

"నయమైనట్టేనా అమ్మా? నెల నుంచి ఊరికే పండుకోని ఉండాది. ఇట్నుంచి ఇట్లే కోతకు తోలుకపోతా."

ఏసమ్మ తల దించుకుంది.

ఎలీషబా గొట్టాన్ని మళ్లీ మంట మీద పెట్టింది. ఈసారీ తేటగానే ఉంది. దాన్ని చీరకొంగు చాటుకు తీసుకుని, అతని మీద విరుచుకుపడింది.

"విరిగింది! ఇంకో నెల దాకా ఈమె చేతికి కొడవలి ఇచ్చినావంటే చూడు!"