పట్టా లేని కేక

"తీపి తేగమ్మా, తెల్లారే తవ్వానమ్మా!"

అనకాపల్లి వీధుల్లో ఆ కేక సూర్రావుది. మాటలూ రాగమూ తనే కట్టుకున్నాడు. తన పేర నమోదు చేయించుకోమని కూతురు పోరితే నవ్వేశాడు. "కేకకి కూడా పట్టా ఏటే?"

తర్వాత ఎవరో కంపెనీవాళ్లు వచ్చి రికార్డు చేసుకుంటామన్నారు. మురిసిపోయి రెండుసార్లు పాడి, చూపించిన చోట వేలిముద్ర వేశాడు.

ఇప్పుడు మనిషి లేని బళ్లు అతని గొంతుతోనే ఊళ్లో తేగలు అమ్ముతున్నాయి. సూర్రావు నోరు తెరిస్తే చాలు, పక్కనున్న కరెంటు స్తంభం తనకి తగిలించిన స్పీకరులోంచి మర్యాదగా చెబుతుంది: "ఈ కేక వేరొకరి సొత్తు. దయచేసి ఆపండి." పాపం, గంట వాయించుకుంటూ తిరుగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం మనిషి లేని బండి మొదటిసారి వాళ్ల వీధికి వచ్చింది. సూర్రావు ఇల్లు చేరేసరికి, చూపు ఆనని భార్య అసిరమ్మ ఆ బండి వైపు మంచినీళ్ల చెంబు చాచి నిలబడి ఉంది.

"అలిసిపోయుంటావు, తాగయ్యా."

బండి మళ్లీ కేకేసింది.

"అసిరీ, నానిక్కడున్నాను," అన్నాడు సూర్రావు వెనకనుంచి.

ఆమె బిత్తరపోయి తిరిగింది. "మరీడెవుడయ్యా?"

"ఆడూ నానే," అన్నాడు.