ముడి మీద వేలు

"కొట్టు తల్లీ, ఇంకా గట్టిగా కొట్టు!"

పార్కు బెంచీ వైపు నుంచి ఆ మాట వినబడగానే టైలరమ్మ గుండె గుభేలుమంది.

ఆమె నాలుగేళ్ల కూతురి ముద్దుపేరు టపాకాయ. ముద్దు తక్కువ, పేలుడెక్కువ. అందినవాళ్లని అందినట్టు బాదుతుంది. "ఇంకొక్క పిల్లని కొట్టినా బడిలో ఉంచుకోలేం" అని టీచరు నిన్ననే తేల్చి చెప్పింది.

ఇప్పుడు ఎవరో పెద్దాయన దగ్గరుండి మరీ ఎగదోస్తున్నాడు!

పరుగెత్తి చూస్తే, టపాకాయ ఆయన కాళ్ల దగ్గర చతికిలబడి బూటు లేసుతో కుస్తీ పడుతోంది.

"పిల్లని కొట్టమంటారేంటండీ?"

"కట్టమన్నానమ్మా. నాకు నడుం వంగదు."

కుట్టు మిషను హోరులో పదేళ్లు గడిపిన చెవులకి, కట్టు కాస్తా కొట్టయి కూర్చుంది. టైలరమ్మ నాలుక కరుచుకుంది.

ఈలోగా లేసు జారిపోయింది.

"ముడి మీద ఇంకొకరు వేలు పెడితేగానీ నిలవదు తల్లీ," అన్నాడు పెద్దాయన.

టపాకాయ జారుడుబల్ల వైపు చూసింది. ఇందాక తను నెట్టేసిన పిల్లాడు అక్కడే ఉన్నాడు.

"ఒరేయ్, రా!"

వాడు రెండడుగులు వెనక్కేశాడు.

"రమ్మంటే రాడు. వస్తావా అని అడిగి చూడు."

టపాకాయకి అది రాని భాష. మూతి ముడుచుకుంది, లేసు లాగింది, గడ్డి పీకింది. చివరికి నేలచూపులు చూస్తూ, "వస్తావా?" అంది.

వాడు వచ్చాడు. వేలు పెట్టాడు. ముడి పడింది.

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అంతే. రోజూ ఆయన లేసు ఊడేది. రోజుకో కొత్త వేలు కావాల్సి వచ్చేది.

రెండు వారాలకి టైలరమ్మ ఓర్పుకి దారం తెగింది.

"రోజూ నా కూతురిచేత కాళ్లు పట్టించుకుంటారా? మా పిల్ల విషయంలో మీరెందుకండీ వేలు పెడతారు?"

"నాది కాదమ్మా, అన్నీ వాళ్ల వేళ్లే."

"ఇవిగో, లేసుల్లేని బూట్లు. రేపట్నుంచి ఇవి తొడుక్కోండి. మీ నడుమూ వంగక్కర్లేదు, మా పిల్లా వంగక్కర్లేదు."

పెద్దాయన బూట్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. "పనికొస్తాయమ్మా," అన్నాడు. టపాకాయ తల నిమిరి వెళ్లిపోయాడు.

మళ్లీ పార్కుకి రాలేదు.

వారం తిరక్కుండానే టీచరు నుంచి ఫోను. "ఒకసారి రండి."

మెడలో టేపు మెడలోనే ఉండగా పరుగెత్తింది టైలరమ్మ.

"ఎవర్ని కొట్టిందండీ?"

"కొట్టడం కాదు. ఒక్క మాట చెప్పండి. మీ అమ్మాయికి లేసు కట్టుకోవడం వచ్చా?"

"కళ్లు మూసుకుని కడుతుంది."

టీచరు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఇవాళ ఓ కొత్తపిల్ల చేరింది. గుమ్మం దగ్గర గంటసేపు ఒకటే ఏడుపు. బొమ్మలిచ్చాం, ఎత్తుకున్నాం, మావల్ల కాలేదు. మీ అమ్మాయి వెళ్లి పక్కన కూర్చుంది. తన లేసు తనే ఊడదీసుకుంది. 'నాకు రావట్లేదు, వేలు పెడతావా?' అంది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని వేలు పెట్టింది. పదిహేనేళ్లుగా పిల్లలతోనే ఉన్నాను. ఇది నాకే రాదు. ఎవరు నేర్పారండీ?"

టైలరమ్మకి పెద్దాయన బూటు లేసు గుర్తొచ్చింది.

అటునుంచి అటే పార్కు వెనక ఆయన ఉండే మేడకి పరుగు తీసింది. గేటు దగ్గర వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. ఆమె కళ్లు అతని కాళ్ల మీద పడ్డాయి.

"ఈ బూట్లు..."

"మూడో అంతస్తు పెద్దాయన ఇచ్చారమ్మా. ఎక్కడో కింది వాటా ఇల్లు దొరికిందని మొన్ననే ఖాళీ చేసి ఊరు మారిపోయారు. నడుం వంగనివాళ్లకి పనికొస్తాయంటూ నా చేతిలో పెట్టారు."

"మరి ఆయనకీ వంగదుగా?"

వాచ్‌మన్ నవ్వేసి, లిఫ్టు లేని మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

"భలేవారే! కాళ్లు పడిపోయిన భార్యని రోజూ వీపున వేసుకుని, ఎండపొడకని పొద్దున్నే ఈ మూడంతస్తులూ దించి, మళ్లీ ఎక్కించిన నడుమమ్మా అది, పదకొండేళ్లు!"