తూర్పు గుంటలో దొరికింది

ఫ్రిజ్ తలుపు తెరిచిన రత్తమ్మ వెంటనే మూసేసింది.

పెరుగు గిన్నె పక్కన, కొత్తిమీర కట్టకి ఆనుకుని తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత మీద నెంబరు, తేదీ. లోపల ఏముందో పొద్దున్నే భవిత మురిసిపోతూ చెప్పింది.

"మనిషి మలం పిన్నీ. రెండున్నర వేల ఏళ్ళ నాటిది."

రత్తమ్మ సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుంది.

అరబ్బు ఎడారిలోని తైమా ఊరి చివర, తవ్వకాల వాళ్ళు అద్దెకి తీసుకున్న ఇల్లది. రత్తమ్మది నరసాపురం దగ్గర పల్లె. తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ, మూడు చలికాలాలుగా, వాళ్ళకి వంట చేస్తోంది. తవ్వే చోటికి టీ ఫ్లాస్కులు మోస్తోంది. అక్కడున్న క్యాబిన్ బాత్రూం కడుగుతోంది.

భవిత ఈ ఏడాదే వచ్చింది. విజయవాడ అమ్మాయి. వెనకటి మనుషులు ఏం తిన్నారో వాళ్ళ మలం పరీక్షించి చెప్పడం ఆమె పీహెచ్‌డీ. రెండు నెలలుగా ఏమీ దొరకలేదు. ఇప్పుడు ఈ డబ్బాలోది దొరికింది. గురువారం డైరెక్టర్ హఫ్సా చూసి సరేనంటే చదువు నిలబడుతుంది. లేదంటే ఉత్త చేతులతో ఇంటికి పోవడమే.

"దేవుడి గ్రంథంలో ఉన్న ఊరండి ఇది," అంది రత్తమ్మ. "యోబు గ్రంథంలో తేమా అని ఉంటాది, అదే ఇదని మీరే చెప్పారు. ఇంత దూరం వచ్చి ఏరుకునేది ఇదా అండి?"

"బెల్షస్సరు తెలుసుగా? వాళ్ళ నాన్న బబులోను వదిలేసి పదేళ్ళు ఇక్కడే ఉన్నాడు. ఇది ఆయన సైనికులది."

"వాళ్ళ నాన్న నెబుకద్నెజరు కదండీ?"

"మట్టి పలకల మీద వేరే పేరుంది పిన్నీ."

"అయితే ఆ పలకలు చూసుకోండి. దీన్ని పారేయండి పాపగారూ."

భవిత నవ్వింది.

"ఇంతకీ ఎక్కడ దొరికిందండి?"

"తూర్పు గుంటలో. మొదటి ఏడాది సగం తవ్వి, ఇసుక కప్పి వదిలేశారట కదా, అదే. మూల రాతి సందులో ఉంది. ఎండి గట్టిపడిపోయింది."

ఆ పూట రత్తమ్మకి ముద్ద దిగలేదు.

భవిత మాత్రం ఆమె పెట్టిన పండుమిర్చి పచ్చడి కలుపుకుని తృప్తిగా తింది. రత్తమ్మ ఏటా ఊరి నుంచి సీసా నిండా తెచ్చుకునే పచ్చడి అది.

"ఆ సైనికులకి ఈ రుచి తెలీదు పిన్నీ. మిరపకాయ అప్పటికి ఈ వైపు రానే లేదు. సముద్రాలు దాటి వచ్చి ఐదొందల ఏళ్ళేగా."

"మరి తిండి ఎలా దిగేదండి, పాపం."

డబ్బా ముట్టుకున్నప్పుడల్లా భవిత రెండు జతల గ్లోవ్స్ వేసుకునేది. పసిపిల్ల తల దువ్వినంత మెల్లగా బ్రష్షుతో తుడిచేది. అదే చేత్తో ముక్కు మూసుకుని తవ్వే చోటి నుంచి వచ్చేది.

"ఈ కూలీలు రాళ్ళ చాటుకి పోతున్నారు పిన్నీ. ఛీ. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాం. క్యాబిన్ ఉందిగా?"

"తాళం ఆఫీసోళ్ళ దగ్గరుంటాదండి. కడిగేటప్పుడు నాకిచ్చి, కడిగాక తీసేసుకుంటారు."

"అడిగితే ఇవ్వరా?"

రత్తమ్మ గిన్నెలు తోమడంలో పడింది.

మంగళవారం భవిత ఆ ముక్కని ఏదో మందు నీళ్ళలో నానబెట్టింది. బుధవారానికి ఇల్లంతా వాసన. రత్తమ్మ కిటికీలు తెరిచింది. అగరొత్తులు వెలిగించింది. అన్నం వారుస్తుంటే గంజిలో కూడా అదే వాసన తగిలినట్టయింది.

"వాసన కూడా పోలేదు చూశావా," అంది భవిత సంబరంగా.

"పాపగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. చెయ్యి జారి పడేశానని నేనే చెప్తాను. తిట్లు నేనే తింటాను. పారబొయ్యనివ్వండి."

భవిత మొహం మారిపోయింది.

"దాని జోలికెళ్తే మేడమ్‌కి చెప్తాను. నీ ఇకామా పర్మిట్ రద్దు చేయించి ఊరికి పంపించేస్తారు. శుభ్రం, శుభ్రం అని చంపుతున్నావు. నీకేం తెలుసని?"

రత్తమ్మ వెళ్ళి ఇంకో అగరొత్తి వెలిగించింది.

గురువారం మధ్యాహ్నం హఫ్సా వచ్చింది. అన్నాలు తినే బల్ల మీదే పాత పేపర్లు పరిచారు. భవిత వంటింట్లోకి వచ్చి టీ వడకట్టే జల్లెడ తీసుకుపోయింది. గోధుమరంగు నీళ్ళు అందులో వంపింది. రత్తమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రాలేక, బయటికి పోలేక.

జల్లెడలో పీచులాంటిదేదో మిగిలింది. దాని మధ్య ఒక గింజ. గుండ్రంగా, చదునుగా, లేత పసుపు రంగులో ఉంది.

"అంజూరమా?" అని అడిగింది హఫ్సా.

"కాదు. ఇది పెద్దది." భవిత పట్టకారుతో దాన్ని పైకెత్తి భూతద్దం కింద పెట్టింది. చాలాసేపు చూసింది. హఫ్సా మళ్ళీ అడిగింది. భవిత చూపు మెల్లగా బల్ల చివరున్న పచ్చడి సీసా మీదకి పోయింది. ఎర్రటి నూనెలో అలాంటి గింజలే తేలుతున్నాయి.

"మేడమ్," అంది, "ఇది మిరప గింజ."

గుమ్మం దగ్గర రత్తమ్మ భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకుంది.

అడిగినా తాళం ఎవరూ ఇవ్వని ఆ మొదటి చలికాలంలో, చాటు వెతుక్కుంటూ తూర్పు గుంటలోకి దిగింది రత్తమ్మే.